నాలుగు వేళ్లు చాలవా?

మనిషి చేతికి ఐదు వేళ్లు ఎక్కువ. నాలుగు చాలు!

ఈ మాట అన్నందుకు దేవుడు క్షమించుగాక. పొద్దున్నే దీపం పెట్టి ఆయనకు దండం పెట్టేటప్పుడు పది వేళ్లూ జోడిస్తాం, నిజమే. కానీ వందేళ్ల కిందటే కార్టూన్లు గీసేవాళ్లు చేతికి ఒక వేలు తీసేసి చూపించారు. ఎవరికైనా నొప్పి పుట్టిందా? ఒక్కరైనా అడిగారా? అడగకపోగా చప్పట్లు కొట్టారు. అదీ ఐదేసి వేళ్లున్న చేతులతో!

అప్పట్లో కదిలే బొమ్మ అంటే వేల కాగితాల పని. బొమ్మ ఒక్కసారి చెయ్యి ఊపాలంటే ఆ చేతిని మళ్లీ మళ్లీ గీయాలి. వేలు తగ్గితే గీత తగ్గుతుంది. గీత తగ్గితే గీసేవాడు పొద్దుండగానే ఇల్లు చేరతాడు. పైగా అంత బుల్లి చేతికి ఐదు వేళ్లు పెడితే అరటిపళ్ల గుత్తిలా కనిపించిందట. తీసేశారు. ఎంత తెలివి!

నల్లటి ఒంటి మీద నల్లటి చెయ్యి కనపడదని తెల్ల గ్లౌజులు తొడిగారు. నాణెం పెట్టి చుట్టూ గీస్తే తల, ఇంకాస్త పెద్దది పెట్టి గీస్తే పొట్ట. మోచేతులు, మోకాళ్లు గీయడం కష్టమని వాటి బదులు రబ్బరు గొట్టాల్లాంటి కాళ్లూ చేతులూ పెట్టారు. కళ్లకు మాత్రం ముఖంలో సగం జాగా ఇచ్చారు. పసిపిల్లల ముఖం కూడా అలాగే ఉంటుంది కదా! అందుకే వాటిని చూస్తే ఎంత కఠినుడికైనా ఎత్తుకోవాలనిపిస్తుంది.

మర్రిగూడ వైపు జనానికి ఇంతకన్నా ఏం కావాలి చెప్పండి? ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు తాగి తాగి పెద్దవాళ్ల మోకాళ్లు వంగిపోయిన ఊళ్లలో, అసలు మోకాళ్లే లేనివాడు గోడ మీద గెంతుతుంటే ఎంత ధైర్యం! పళ్లకు పసుపు చారలున్న మనుషుల మధ్య, పళ్లన్నీ కలిపి ఒకే తెల్ల పట్టీగా ఉన్నవాడు నవ్వుతుంటే ఎంత చల్లదనం!

అందుకే ఇవాళ కార్టూన్ లేని చోటు లేదు. నీళ్ల ప్లాంటు మీద కార్టూన్. కల్వకుర్తిలో చెప్పుల దుకాణం మీద కార్టూన్. దవాఖానలో సూది గుచ్చే గది తలుపు మీద కార్టూన్, అదీ పడీ పడీ నవ్వుతూ. ఆఖరికి చెత్త డబ్బా కూడా పెద్ద కళ్లు పెట్టుకొని నోరు తెరిచి నిలబడింది. చెత్త వేయాలంటే వాడి నోట్లోనే వేయాలి. అది మర్యాద కాదనిపించి కొందరు పక్కన పడేసి పోతున్నారు.

ఇంత ఘనత గల కార్టూన్ బడి గోడ ఎక్కకుండా ఉంటుందా?

ఎక్కింది. మర్రిగూడ దగ్గర ఒక ఊళ్లో దాన్ని ఎక్కించినవాడు పీర్ మహమ్మద్. యాభై ఎనిమిదేళ్ల మనిషి. ముప్ఫై ఏళ్లు అక్షరాలు రాసి బతికాడు. కిరాణా దుకాణం బోర్డు, ఎరువుల కొట్టు గోడ, ట్రాక్టరు వెనక యజమాని బిడ్డల పేర్లు, అన్నీ ఆయన చేతివే. ఆయన రాసిన ‘క్ష’ ముందు సైకిలు దిగి నిలబడి చూసినవాళ్లున్నారు. ఫ్లెక్సీలు వచ్చాక ఆ చేతికి పని లేకుండా పోయింది.

ప్రాణమున్నవాటి బొమ్మలు మాత్రం ఆయన ఏనాడూ వేయలేదు. వాళ్ల నాయిన చిన్నప్పుడే చెప్పాడు: "పాణమున్నదాని బొమ్మ దింపకు బిడ్డా. రేపు అల్లా ముంగట నిలవడితే, దింపినవు గద, పాణం గూడ పొయ్యి అంటడు. యాడికెల్లి తెస్తవ్?" ఆ మాట మీదే ముప్ఫై ఏళ్లు నిలబడ్డాడు. పాల డెయిరీ వాళ్లు బర్రె బొమ్మ అడిగితే పాల క్యాను వేసి ఇచ్చాడు.

అలాంటి మనిషి దగ్గరికి బడి టీచరు నిర్మలమ్మ ఒక కాగితం తెచ్చింది. పైనుంచి వచ్చిన డిజైను. కుందేలు చెవులు, నిక్కరు, తెల్ల గ్లౌజులు, రెండు చేతులూ పైకెత్తి నవ్వుతున్న ఒక కార్టూన్. బడి ముందు గోడ మీద పెద్దగా వేయాలి.

పీర్ మహమ్మద్ ఆ కాగితాన్ని ఇంటికి తెచ్చి మంచం మీద పరిచి చాలాసేపు చూశాడు. భార్య లాడ్లీ బేగం పప్పు చెరుగుతూ ఆయన్ని చూసింది.

"ఏంది గట్ల జూస్తున్నరు? బిడ్డకు సంబంధం జూసినట్టు."

"వేళ్లు లెక్కబెడుతున్న."

"ఎన్నున్నయి?"

"నాలుగే."

"అయితే?"

"అల్లా అందరికీ ఐదు ఇచ్చిండు. నాలుగున్నోడు ఆయన జేసినోడు గాదు గద. ఆయన జెయ్యనోన్ని నేను నకలు గొట్టినట్టు ఎట్లయితది?"

లాడ్లీ బేగం చేట పక్కన పెట్టి కాగితం మీదికి వంగింది. "చెవులు కుందేలుయి. నిక్కరు ఎవనిదో. మోకాళ్లు లేవు, మెడ లేదు. గీన్ని జూసి పాణమున్నదని ఫికర్ జేసేటోళ్లు మీరొక్కలే."

చూశారా! ఎక్కడో ఎవరో పని తగ్గించుకోవడానికి తీసేసిన వేలు, ఇక్కడ ఒక భక్తుడి మనసు తేలిక చేసింది. ఏ ధర్మసందేహానికైనా ఇంత తేలిగ్గా జవాబు దొరుకుతుందా?

ఆయన లాడ్లీ బేగం అన్నం గిన్నె మూత తీసుకుపోయి గోడకు ఆనించి తల గీశాడు. చాయ్ గిన్నె మూతతో బుగ్గలు, ఆమె గాజుతో కళ్లు. నాణెం పెట్టి గీసిన ఆ పాతకాలం వాళ్లకూ ఈయనకూ మధ్య సముద్రాలున్నాయి కానీ, పద్ధతి ఒకటే. రెండు రోజులు ఇంట్లో అన్నం మూత లేకుండా ఉడికింది. మూడో రోజుకు బడి గోడ మీద నిలువెత్తు కుందేలు అబ్బాయి రెండు చేతులూ ఎత్తి నవ్వాడు. ఒక చేతి కింద నాలుగు, రెండో చేతి కింద నాలుగు అని పీర్ మహమ్మద్ తన అందమైన అంకెలు కూడా రాశాడు. లెక్క సరిగ్గా ఉండాలి కదా!

పిల్లలు ఆ గోడను వదల్లేదు. వదిలి ఎక్కడికి పోతారు? బడిలో ఐదు తరగతులు, పంతొమ్మిది మంది పిల్లలు, ఒక్క నిర్మలమ్మ. ఆ ఒక్క నిర్మలమ్మకూ ఓటర్ల లెక్క, ఇళ్ల లెక్క, పశువుల లెక్క. మండలంలో ఎన్ని బర్రెలు ఈనాయో ఆమె నిద్రలో లేపినా చెప్పగలదు. ఆమె లేని రోజుల్లో వంట చేసే ఆవిడ తాళం తీస్తే, పిల్లలు గోడకెదురుగా కూర్చొని కుందేలు అబ్బాయిని చూసి చదువుకునేవాళ్లు. సెలవు అడగడు, కేకలేయడు, పొద్దంతా నవ్వుతూనే ఉంటాడు. ఇలాంటి పంతులు ఎవరికి దొరుకుతాడు!

పీర్ మహమ్మద్ మనుమరాలు ఇఫ్రా ఆ బడిలోనే ఒకటో తరగతి. ఒక మధ్యాహ్నం అన్నం తింటూ చిటికెన వేలును అరచేతిలోకి ముడిచి పట్టుకుంది. ముద్ద జారిపోతున్నా వేలు మాత్రం విప్పదు.

"వేలికి ఏమన్న తాకిందా బిడ్డా?" అన్నాడు ఆయన.

"లేదు దాదా. ఇది ఎక్కువున్నది."

పీర్ మహమ్మద్ నవ్వాడు. తన చెయ్యి చాపాడు. "నాకు జూడు, ఐదే ఉన్నయి."

"నువ్వు ముసలోనివి గద. పెరిగినయి."

"మొహర్రంల పీరు మీద చెయ్యి లెక్కుండే పంజా జూడలేదా? దానికెన్ని?"

"గది దేవునిది, దాదా. దేవునికెన్నైనా ఉంటయి." ఇఫ్రా ముద్ద నోట్లో పెట్టుకుంది. "గోడ మీద నాలుగే ఉన్నయి. బడిల గోడ తప్పెట్ల జెప్తది?"

ఆయన నవ్వు అక్కడే ఆగిపోయింది. ఆ పిల్ల చేతిని పట్టుకొని వేలు విప్పాడు. వదలగానే అది మళ్లీ ముడుచుకుంది.

మర్నాడు పొద్దున్నే గోడ సంగతి చెబుదామని ఆయన బడికి పోయాడు. అదే రోజు మండల విద్యాశాఖ ఆఫీసు నుంచి బాలకృష్ణ సారు తనిఖీకి వచ్చాడు. సారు వస్తున్నాడని నిర్మలమ్మను కూడా పశువుల లెక్క నుంచి పిలిపించారు. సారు గోడను మెచ్చుకొని, ఫొటో దిగి, పిల్లల వైపు తిరిగాడు.

"రెండు చేతులకు కలిపి ఎన్ని వేళ్లు?"

"ఎనిమిది," అన్నారు పంతొమ్మిది మంది, ఒకే గొంతుతో.

బడిలో ఇంత ఐకమత్యం సారు ఎక్కడా చూసి ఉండడు. మళ్లీ అడిగాడు. మళ్లీ ఎనిమిదే. ముందు వరసలో ఉన్న ఇఫ్రాను లేపి, "నీ చేతులు జూసి లెక్కపెట్టు," అన్నాడు. ఇఫ్రా ఒక్కొక్క వేలూ తాకుతూ పది దాకా లెక్కపెట్టి తలదించుకుంది.

"నాకు రెండు ఎక్కువున్నయి సార్."

పీర్ మహమ్మద్ కిటికీ పక్కన నిలబడి తన కుంచె చేతిని వెనక్కి దాచుకున్నాడు.

సారు నిర్మలమ్మను చూశాడు. ఆమె నెమ్మదిగా అంది: "ఈ నెలల నేను బడికొచ్చింది నాలుగు దినాలు సార్. మిగిలినయన్ని మీరే బర్రెల కాడికి పంపిండ్రు."

"అది వేరే సంగతి మేడం. ఇది గోడ సమస్య."

ఎంత చురుకైన పాలనో చూడండి! ఆ సాయంత్రానికే కాగితం వచ్చింది. కుందేలుకు చేతికొక వేలు చొప్పున రెండు వేళ్లు శుక్రవారంలోగా అదనంగా వేసి, ఫొటో పంపాలి. సమస్య ఏమిటో తేల్చడానికి ఆఫీసుకు ఒక్క పూట పట్టింది.

శుక్రవారానికి ఒక రోజు ముందు పీర్ మహమ్మద్ నిచ్చెనెక్కి గోడ ముందు నిలబడ్డాడు. కుంచె ముంచడు, దిగడు. బడి కమిటీ చైర్మన్ లింగస్వామి పత్తి చేను నుంచి వస్తూ ఆగాడు.

"ఒక్క వేలు దింపనీకె ఇంత సేపా పీర్ భాయ్? అచ్చరానికి కొమ్ము బెట్టినట్టు బెట్టి దిగు."

"కొమ్ము బెడితే అచ్చరం మారుతది లింగస్వామన్నా. వేలు బెడితే వీడు మారుతడు. ఐదు బెట్టినంక వీడు ఎవని చేతికి నకలు?"

"మరి పోరలు ఎనిమిదే అనుకుంటరు."

"గదే నా బాధ."

నాయిన చెప్పిన మాట ఒక పక్క. ముడుచుకున్న ఆ చిటికెన వేలు ఒక పక్క. ఏది పెద్ద పాపమో అడుగుదామంటే ఆయనకు తన మనసు తప్ప ఎవరూ కనపడలేదు. పిల్లకు తన చెయ్యి తనకే పరాయి చేసినవాణ్ణి రేపు పైవాడు ఏమడుగుతాడు? ప్రాణం పొయ్యమంటాడా, ఉన్న ప్రాణానికి ఏం నేర్పావని అడుగుతాడా?

ఆయన నిచ్చెన దిగాడు. తట్టలో ఎర్ర డిస్టెంపర్ కలిపాడు. పిల్లలను వరసగా పిలిచి, ఒక్కొక్కరి చేతులు రంగులో ముంచి, కుందేలు కాళ్ల కింద గోడ మీద అద్దించాడు. ముద్ర పడ్డాక ఆ పిల్లతోనే లెక్కపెట్టించాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. అటు చెయ్యి, ఇటు చెయ్యి. పది.

ఇఫ్రా వంతు వచ్చింది. వేలు ముడిచే ఉంది.

"విప్పు బిడ్డా."

"గోడ మీద తప్పయితది దాదా."

"కాదు. గోడనే తప్పు జెప్పింది. నేను జెప్పించిన." ఆయన వంగి ఆ వేలును మెల్లగా విప్పి, తన అరచెయ్యి ఆమె చేతి మీద ఆనించి గోడకు అదిమాడు. తీసేసరికి ఐదు వేళ్ల ముద్ర నిండుగా పడింది.

"దీన్ని నువ్వే గీసినవా?" అంది ఇఫ్రా.

"నేను గీయలే. గీసినోడు వేరే ఉన్నడు."

పిల్ల ఆ రోజు వేలు ముడవకుండా అన్నం తింది. లాడ్లీ బేగం చూసి ఇంకో గరిటె పప్పు వేసింది.

శుక్రవారం బాలకృష్ణ సారుకు ఫొటో పోయింది. ముప్ఫై ఎనిమిది చేతులు, చేతికి ఐదు వేళ్లు. రెండు వేళ్లు అడిగితే నూట తొంభై వచ్చాయని సారు సంతోషపడి సమస్య తీరిందని రాసుకున్నాడు. బడి చక్కగా నడుస్తున్నది కాబట్టి నిర్మలమ్మను గొర్రెల లెక్కకు కూడా పంపాడు.

కాబట్టి పాఠకులారా, కార్టూన్లను తిట్టకండి. ఈ దేశంలో ఒక గోడ మీద కుందేలు పొరపాటు చేస్తే మూడు రోజుల్లో దిద్దుతారు. అంత శ్రద్ధ మనలో ఎవరికి దక్కుతుంది?

చిక్కల్లా ఒక్కటే వచ్చింది. పది వచ్చేసిన పిల్లలు ఆ తర్వాతది అడగడం మొదలుపెట్టారు. "పదకొండు" అని పీర్ మహమ్మద్ చెప్పాడు కానీ, ఎక్కాలూ భాగారాలూ అంటూ వాళ్లు వెంటపడేసరికి అయిదో తరగతి దాకానే చదివిన ఆయనకు చేతకాలేదు. అప్పుడు లింగస్వామి ఆఫీసుకు ఉత్తరం రాశాడు: పది దాకా గోడ చెప్పింది, ఆ పైన చెప్పడానికి దయచేసి ఒక మనిషిని పంపించండి.

జవాబు వారంలోనే వచ్చింది. రెండే వాక్యాలు.

"మీ ఉత్తరం అందినది. గోడ మీద ఇంకా ఎంత ఖాళీ ఉన్నదో కొలిచి వెంటనే తెలుపగలరు."