మాడిన పోపుకూ చప్పట్లే

కరోనా మనకు చేసిన మేళ్లలో పెద్దది ఏమిటంటే, లోకంలో లోపాలన్నవి అంతరించిపోయాయి! నమ్మరా? సూరత్‌లో మా అపార్ట్‌మెంట్ తెలుగు ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపు చూడండి.

పొంగని ఢోక్లాకు ‘సూపర్’. ఏనుగుకు ఐదు కాళ్లు వేసిన పిల్లవాడికి ‘క్రియేటివ్’. సెలూన్లు మూసేశారని మంగ భర్తకు తానే క్షవరం చేసి ఫొటో పెట్టింది. ‘న్యూ లుక్’ అన్నాం. చెవికి ఆ కట్టేమిటని ఎవరూ అడగలేదు. అడిగితే నెగెటివిటీ.

ఒకప్పుడు బాగా చేస్తే తప్ప బాగుందనిపించుకోలేకపోయేవాళ్లం. ఇప్పుడా కష్టం ఉందా? జమున ఢోక్లా చూసి నేనొకసారి ‘పిండి ఇంకాస్త నానాలేమో’ అని రాశాను. ‘కష్టకాలంలో పాజిటివ్‌గా ఉందాం అక్కా’ అని జవాబొచ్చింది. నిజమే కదా. చెంపలేసుకున్నాను.

ఈ అభ్యుదయానికి అడ్డం పై అంతస్తులో ఉండే, మేమంతా అత్తమ్మా అని పిలిచే కమలాకుమారి ఒక్కతే. జగిత్యాల మనిషి. ఏం పంపినా, గిన్నెకంటే ముందు తీర్పు తిరిగొచ్చేది.

‘ఇది సాంబారా పిల్లా, గిన్నె కడిగిన నీళ్లా?’

రెండో వేవ్‌లో ఆమెకు కరోనా వచ్చింది. కొడుకు దినేశ్ ఊరి బయట హజీరా ఫ్యాక్టరీకి డ్యూటీకి వెళ్లి, కరోనా కట్టడితో కంపెనీ లోపలే ఉండిపోయాడు. మేమే వంతులవారీగా వండి, తలుపు దగ్గర పెట్టి, ఫోన్ చేసేవాళ్లం.

‘ఎట్లుంది అత్తమ్మా?’

‘మంచిగుంది బిడ్డా.’

ఉప్పు మరిచిన పప్పూ మంచిగుంది. ఉడకని వంకాయా మంచిగుంది. ‘అత్తమ్మ మారిపోయింది’ అని గ్రూపంతా సంబరపడింది. రుచీ వాసనా తెలియని మనిషి అసలు ముద్ద మింగుతోందా, లేదా? దినేశ్ నాకు ఫోన్ చేశాడు.

‘అమ్మ దేనికీ వంక పెడ్తలేదు వదినా. భయమైతుంది.’

నాకూ భయంగానే ఉంది. అది గ్రూపులో పెట్టే మాట కాదు.

ఓ మధ్యాహ్నం ఆమే ఫోన్ చేసింది. గొంతు పీలగా ఉంది.

‘ఏంది పిల్లా, పోపు మాడగొట్టి పంపినవ్? సదువుకున్నదానివి, జర సూస్కోవద్దా?’

పొద్దున ఆ చారు ఫొటోకే గ్రూపులో చప్పట్లు మోగాయి.

వెంటనే దినేశ్‌కు చెప్పాను. అవతల ముక్కు చీదిన చప్పుడు. నేను చారు మళ్లీ కాచి, పోపు మళ్లీ పెట్టి పంపాను. కాసేపటికి ఫోన్ మోగింది.

‘ఇప్పుడు పర్వాలే.’

ఆ మాట గ్రూపులో పెడితే అందరూ నన్ను ఓదారుస్తారు. అందుకే మీకు మాత్రమే చెబుతున్నాను.