మంత్రిగారు దించిన విమానం

"గాలి ఎటు వీచినా మన ప్రగతి ముందుకే!" అని విమానయాన మంత్రిగారు ప్రకటించారు. మా ఊళ్ళో కొత్త విమానాశ్రయం ప్రారంభించడానికి వారు కారులో కాక, సాక్షాత్తూ విమానంలోనే వస్తారని పేపర్లో కూడా వేశారు. అది ఆరు సీట్ల బుల్లి విమానం. నడిపేది మా బావమరిది. ఆ విమానాశ్రయంలో క్యాంటీన్ నాది. కాబట్టి ఆ ఘనకార్యాన్ని టీ గ్లాసులు కడుగుతూ కళ్ళారా చూసే భాగ్యం నాకు దక్కింది.

ఏర్పాట్లన్నీ ఓ కార్యకర్త చూస్తున్నాడు. గొంతు పెద్దదని అందరూ అతన్ని మైకు అంటారు. గాలి ఎటు వీస్తోందో పైలట్లకి చూపించడానికి రన్‌వే పక్కన స్తంభానికి ఓ గుడ్డ గొట్టం వేలాడుతుంది. దాన్ని చూసి మైకు మండిపడ్డాడు.

"ఇదేంటి, వేదికకి తోక చూపిస్తూ ఎగురుతోంది? మంత్రిగారికి అవమానం కాదూ?"

"అది పైలట్ చూసుకునేదండీ," అన్నాను.

"పైలట్ ఎవరు?"

"మా బావమరిది."

"అయితే మనవాడే. సర్దుకుంటాడులే."

గొట్టంలో కర్ర దూర్చి, దాని మూతి వేదిక వైపు తిప్పి, తాడుతో బిగించి కట్టించాడు. ఆ తర్వాత అంత గాలిలోనూ అది కదల్లేదు. అంత క్రమశిక్షణ నేను ఆ పార్టీలో ఇంకెవరి దగ్గరా చూడలేదు.

పైనుంచి మా బావమరిది ఆ గొట్టాన్ని చూశాడు, నమ్మాడు, ఎదురుగాలి అనుకుని దిగాడు. గాలి వెనకనుంచి ఒక్క తోపు తోసింది. విమానం ఓ పక్కకి ఒరిగి, నేలకి కొట్టుకుని, ఎగిరి, మళ్ళీ పడింది. రన్‌వే అయిపోయింది గానీ విమానం ఆగలేదు. నా పైప్రాణాలు పైనే పోయాయి. చివరికి వేదికలోకి ముక్కు దూర్చి నిలబడింది. దేవుడి దయవల్ల మావాడికి పెదవి చిట్లడం తప్ప ఎవరికీ ఏమీ కాలేదు. మెట్లెక్కే శ్రమ లేకుండా నేరుగా వేదిక మీదికే దిగిన మొదటి మంత్రి బహుశా వీరే.

తర్వాత నా క్యాంటీన్‌లోనే తలుపులేసుకుని చర్చించారు.

"గొట్టం మాటెత్తితే పార్టీ పరువు పోతుంది," అన్నాడు మైకు. "నీ తప్పంటే నీ ఉద్యోగం పోతుంది."

"ఇద్దరు పిల్లలున్నారండీ," అన్నాడు మా బావమరిది.

మంత్రిగారి మనసు కరిగింది. "నీ ఉద్యోగానికి పూచీ నాది. సుడిగాలి వచ్చింది. నువ్వు కంగారుపడ్డావు. నేను స్టీరింగ్ అందుకుని విమానాన్ని దించాను."

"దాన్ని స్టీరింగ్ అనరండీ."

"ఏదైతేనేం, అందుకున్నానా లేదా?"

మావాడు నావైపు చూశాడు. "ఉద్యోగం ఉంటే చాలు బావా," అని గొణిగి, బయటికెళ్ళి కెమెరాల ముందు అలాగే చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. మంత్రిగారికి సాహస పతకం ఇచ్చారు.

వారం తిరక్కుండానే మంత్రిగారు మావాణ్ణి ఆఫీసుకి పిలిపించారు. తోడుగా నేనూ వెళ్ళాను. ఆయన లేచొచ్చి మావాణ్ణి కౌగిలించుకున్నారు.

"తమ్ముడూ, నిన్ను ఉద్యోగంలోంచి తీసేస్తున్నాం. లైసెన్సు లేని మనిషి చేతికి విమానం ఇచ్చావుట కదా?"

"ఆ మనిషి మీరే కదండీ!"

"నేనే. నాకు లైసెన్సు లేదన్న సంగతి నాకు తెలీదూ? ప్రయాణికుల భద్రత దగ్గర నేను సొంత తమ్ముణ్ణయినా వదలను."

ఆర్డరు ముందుకి లాక్కుని, సంతకానికి జేబులు తడుముకున్నారు. మా బావమరిదే తన పెన్ను తీసి, మూత తిప్పి, ఆయన చేతికిచ్చాడు.