చింతచెట్టు భోజనం

2001 మార్చి పదకొండు, ఆదివారం. ఆ ఉదయం సూర్యనారాయణమూర్తి గారు అల్లం పచ్చడితో దిబ్బరొట్టె తిన్నారు. ఏ పచ్చడితో తిన్నా ఆయనకు ఒకటే, ఎందుకంటే నాలుగు రోజులుగా రొంపతో ముక్కు పూర్తిగా మూసుకుపోయింది. రొట్టె మాడిందని కంటికి కనబడేదాకా తెలియలేదు. అయినా ఒకవైపే మాడింది కదా అని సంతోషించారు. భార్య పోయాక ఆయన అలవాటు చేసుకున్న సంతోషాలన్నీ ఈ పాటివే.

ఆ రోజు ఆయన పెట్టుకున్న పని ఒక్కటే. సాయంత్రం చింతచెట్టుకు భోజనం పెట్టాలి.

రాజమండ్రి దానవాయిపేటలో ఒక మూడంతస్తుల ఇంట్లో, మొదటి అంతస్తు బాల్కనీలో, పళ్లెంలా లోతు లేని మట్టితొట్టిలో మూరెడు ఎత్తున ఉంటుందా చెట్టు. గోడ పగుల్లో మొలిచిన మొక్కను పారేయడానికి చేతులు రాక, ఆయన భార్య లలితాంబ గారు దాన్ని తొట్టిలోకి మార్చి, కొమ్మలు కత్తిరిస్తూ, తీగ చుట్టి వంచుతూ బొన్సాయ్‌గా పెంచారు. దాని తిండికి ఆవిడ దగ్గర ఒక పంచాంగమే ఉండేది. "వానాకాలం పెట్టిందంతా వానే కడుక్కుపోతుంది, కొంచెం కొంచెంగా పెట్టాలి. చలికాలం దాని నిద్ర, లేపి అన్నం పెట్టకూడదు. రోహిణి కార్తెలో ఎరువు వేస్తే వేళ్లు మాడతాయి, అప్పుడు దానికీ మీకూ చల్లదనమే మందు. ఫాల్గుణంలో చిగురు కనబడగానే మాత్రం కడుపునిండా పెట్టాలండోయ్. ఏడాది బలమంతా ఆ ఒక్క భోజనమే" అనేవారు.

ఆవిడ పోయిన మొదటి ఏడు మూర్తి గారికి ఫాల్గుణం వచ్చిందీ తెలియలేదు, వెళ్ళిందీ తెలియలేదు. ఆకులు పాలిపోయి, రెండు కొమ్మలు ఎండిపోయాయి. ఈసారి కూడా తప్పితే చెట్టు నిలవదని ఆయనకు భయం పట్టుకుంది. అందుకే కిందటి ఆదివారమే గానుగ దగ్గర, నువ్వుల నూనె తీశాక మిగిలే తెలకపిండి కొని తెచ్చి నీళ్లలో నానబెట్టారు. అంత పెద్ద పాత్ర ఇంట్లో ఒక్కటే ఉంది, లలితాంబ గారి పచ్చడి జాడీ. దానికి తెల్లగుడ్డ వాసెన కట్టారు. నీడన పెట్టాలి, ఇంట్లో పెట్టకూడదు అని ఆవిడ చెప్పిన గుర్తు. ఆవిడైతే మేడ మీద ఓ మూల పెట్టేవారు. ఈ వారం అక్కడ షామియానా వేస్తారని తెలిసి మూర్తి గారు మెట్ల మలుపులో పెట్టారు. నిన్న రాత్రి వాసెన విప్పి కర్రతో బాగా కలిపి మళ్ళీ కట్టారు.

తెలకపిండి అంటే చరిత్ర లెక్చరరుగా పనిచేసి రిటైరైన ఆయనకు తెలిసింది మునగాకు వేసి వండే కూర మాత్రమే. మార్చి ఎండకు వారం రోజులు నానిన తెలకపిండి సంగతి చరిత్రలో లేదు.

షామియానా రెండో అంతస్తు సంపూర్ణమ్మ గారిది. భర్త ఏసుపాదం గారికి కడుపులో ఆపరేషనై, క్షేమంగా ఇల్లు చేరినందుకు ఆ సాయంత్రం కృతజ్ఞత కూడిక పెట్టుకున్నారు. పాస్టరు గారు వస్తారు, సంఘమంతా వస్తుంది, భోజనాలు. తొమ్మిది గంటలకే ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని మూర్తి గారి తలుపు కొట్టింది.

"మాస్టారు గారండీ, మెట్ల మీద వాసన మీకూ వస్తోందాండీ?"

మూర్తి గారు మెట్ల దాకా వచ్చి శ్రద్ధగా పీల్చారు. "నాకేం రావట్లేదమ్మా."

ఆవిడ ముఖం చిన్నబోయింది. ఇంత కంపు రావట్లేదంటే మర్యాద కోసం అంటున్నారని అర్థం. మర్యాద కోసం అంటున్నారంటే ఆ వాసన తన ఇంటిదే అనుకుంటున్నారని అర్థం.

"మా అమ్మ అంతర్వేది నుంచి పంపిన ఎండుచేపలు డబ్బాలో ఉన్నాయండి. కానీ మూత బిగించే ఉందండి, ఒట్టు."

"అయ్యో, మీ ఇంటి వాసన అని నేనెందుకంటానమ్మా!"

ఆయన ఎంత గట్టిగా కాదంటే ఆవిడకు అంత అనుమానం పెరిగింది. పైకెళ్ళి డబ్బా తెచ్చి, వీధి చివర కుప్ప మీద బోర్లించి వచ్చింది. పది నిమిషాల్లో పేటలో ఉన్న పిల్లులన్నీ అక్కడికి చేరాయి. తిన్నాక, ఆ డబ్బా ఏ ఇంటి నుంచి వచ్చిందో ఆరా తీస్తూ వరసగా మెట్లెక్కాయి.

కంపు మాత్రం తగ్గలేదు.

కింద ఉండే ఇంటి యజమాని పెద్దిరాజు గారు లుంగీ ఎగ్గట్టుకుని రంగంలోకి దిగారు. "ఎలక చచ్చిందండీ. నా ముక్కు అబద్ధం చెప్పదు" అని బీరువాలు జరిపించారు. ఎలక లేదు. "అయితే డ్రైనేజీయే" అని, డ్రైనేజీ పనిచేసే బుల్లబ్బాయిని పిలిపించారు. బుల్లబ్బాయి గునపంతో ఒక్క పోటు పొడిచేసరికి మంచినీళ్ల పైపు పగిలింది. ట్యాంకు ఖాళీ అయింది. పైన బిరియానీ వండేవాళ్ళు నీళ్లో అని కేకలు.

"పైపు చూసుకోవద్దురా?"

"చూశానండీ. పొడిచాకే కనబడిందండి."

పెద్దిరాజు గారు మెట్ల నిండా ఫినాయిలు కుమ్మరించారు, దాని మీద బ్లీచింగ్ పౌడరు చల్లించారు, ఆపైన అగరొత్తుల కట్ట మొత్తం వెలిగించారు. ఇప్పుడు కంపుకు తోడు దగ్గు కూడా వచ్చింది. మూర్తి గారు మాత్రం ఏ ఇబ్బందీ లేకుండా తన డ్రమ్ములో పట్టి ఉంచిన నీళ్లన్నీ వంటవాళ్ళకు మోసి, తర్వాత ఏసుపాదం గారికి కాలక్షేపంగా పైన కూర్చున్నారు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఏసుపాదం గారు ముభావంగా గోడకేసి చూస్తూ ఉండిపోతున్నారు. భార్య ఎన్ని కబుర్లు చెప్పినా నవ్వడం లేదు.

"ఇంత వాసనలో నవ్వుతూ తిరుగుతున్నారు. మాస్టారు ఎంత ఓర్పుగల మనిషండీ!" అనుకున్నారు కింద.

మధ్యాహ్నం బుల్లబ్బాయి మెట్ల మలుపులో ఆగి, చెయ్యి చాపి చూపించాడు. "అయ్యా, ఈ జాడీ దగ్గరే ఎక్కువొస్తోందండి."

"నోర్ముయ్. అది లలితాంబ గారి ఆవకాయ జాడీ. స్నానం చెయ్యకుండా దాని దరిదాపులకెళ్ళకు" అని పెద్దిరాజు గారు కసిరారు. కసిరాక ఆయనా వంగి వాసన చూశారు. చూసి, గోడ పట్టుకుని నిలబడ్డారు.

సంపూర్ణమ్మ కళ్ళలో నీళ్లు తిరిగాయి. ప్రతి వేసవిలో ఆ జాడీలోంచే అన్ని వాటాలకూ ఆవకాయ పంచేవారు లలితాంబ గారు. "ఆవిడ పెట్టిన ఆఖరి ఆవకాయండీ. పాపం, తినలేక పారెయ్యలేక దాచుకున్నారు. పాడైపోయిన సంగతి ఆయనకు తెలుసు. అందుకే పొద్దున్న వాసన లేదన్నారు."

"మనసు కష్టపెట్టకూడదు. ఆయనకు చెప్పొద్దు" అన్నారు పెద్దిరాజు గారు.

"మరి పారేద్దామాండీ?"

"పారేయడమేంటమ్మా! అలాంటివి పారేస్తారా? గోదాట్లో కలపాలి."

పైపు బాగై నీళ్లు రాగానే సంపూర్ణమ్మ స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని జాడీ కిందికి పట్టుకొచ్చింది. పెద్దిరాజు గారు దానికి పసుపు రాసి, బొట్టు పెట్టించి, బంతిపూల దండ వేయించారు. బుల్లబ్బాయి చేత కూడా స్నానం చేయించి, సైకిలు వెనక జాడీ కట్టించి, గోదావరి ఘాటుకు పంపారు. పడుచువాళ్ళు చేతులు జోడించారు, ముసలివాళ్ళు ముక్కు మూసుకున్నారు.

మెట్ల మీద వాసన పోయింది. అయితే బ్లీచింగ్ ఘాటు మేడ మీదికి ఎక్కి షామియానా కింద ఎవరూ కూర్చోలేకపోయారు.

"మా హాల్లో పెట్టుకోండమ్మా. ఎంతమంది వచ్చినా పడతారు" అన్నారు మూర్తి గారు. ఆ హాల్లో అంతమంది కూర్చుని రెండేళ్లయింది. కుర్చీలు సర్దుతుంటే ఆయనకు నడుం నొప్పి కూడా హాయిగా అనిపించింది.

పొద్దు వాలగానే ఆయన చెట్టుకు నీళ్లు పోసి, జాడీ కోసం వెళ్ళారు. లేదు. కింద చూశారు, పైన చూశారు. "నా జాడీ చూశారా?" అని పెద్దిరాజు గారిని అడిగితే "పాటలు మొదలెట్టేస్తున్నారండీ" అని హాల్లోకి తోసేశారు. సంపూర్ణమ్మను అడిగితే వెక్కి వెక్కి ఏడ్చింది. మూర్తి గారు బాల్కనీ వైపు చూస్తూ కూర్చున్నారు. చిగురు వచ్చి వారం దాటింది. మళ్ళీ నానబెట్టాలంటే ఇంకో వారం. చెట్టు అంతవరకూ ఆగుతుందా అన్నదే ఆయన దిగులు.

పాస్టరు గారు ప్రార్థన ముగించి "ఆమెన్" అన్నారు. అప్పుడే తలుపు తోసుకుని, దండతో సహా జాడీని పొదివి పట్టుకుని బుల్లబ్బాయి వచ్చాడు.

"కుదర్లేదండి. గోదాట్లో పోసేది ఏంటో చూపించమన్నారండి ఘాటులో. విప్పి చూపించానండి. స్నానాలు చేసేవాళ్ళు చేసేవాళ్ళంతా గట్టెక్కేసి నన్ను తరిమారండి."

హాలు హాలంతా ఊపిరి బిగబట్టింది. మూర్తి గారి ముఖం మాత్రం వెలిగిపోయింది.

"వచ్చిందా! వేళ ఇంకా దాటలేదు. ఒక గ్లాసుడు తీసి బకెట్టు నీళ్లలో కలిపితే చాలు, పలచగా టీ రంగు రావాలి."

"బకెట్టు నీళ్లలోనా!" పెద్దిరాజు గారు ఆయన చెయ్యి పట్టుకున్నారు. "ఇవాళొద్దు మాస్టారూ, రొంపతో ఉన్నారు."

"రొంపకీ దీనికీ ఏంటండీ సంబంధం? పోయినేడు తప్పింది. ఇవాళ బకెట్టు మొత్తం అయిపోవాలి."

సంపూర్ణమ్మ ఇక ఆగలేకపోయింది. "వద్దండీ మాస్టారు గారూ! అమ్మగారి మీద ప్రేమ ఉండొచ్చు. కుళ్ళిపోయిన ఆవకాయ తాగి ప్రాణం మీదికి తెచ్చుకుంటారా?"

మూర్తి గారు ఆవిడను చూశారు, దండను చూశారు, బొట్టును చూశారు.

"ఆవకాయేంటమ్మా? ఇది తెలకపిండి నానబెట్టిన నీళ్లు. చింతచెట్టుకి. ఆవకాయ ఎప్పుడో అయిపోయింది, ఆఖరి గరిటె పెద్దిరాజు గారే పట్టుకెళ్ళారు."

పెద్దిరాజు గారు పైన తిరుగుతున్న ఫ్యానును పరీక్షించారు.

"మరి ఈ కంపు?" అన్నారెవరో.

"కంపేంటి? తెలకపిండి కమ్మగా ఉంటుంది కదండీ."

ముందుగా వినబడింది ఏసుపాదం గారి నవ్వు. కుట్ల మీద రెండు చేతులూ అదుముకుని, కళ్ళ వెంట నీళ్లు కారుతుండగా "ఎరువుని... ఊరేగించారు..." అంటూ నవ్వుతున్నారు. పాస్టరు గారు బైబిలు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు, భుజాలు మాత్రం కదులుతున్నాయి. సంపూర్ణమ్మ భర్తనే చూస్తూ ఉండిపోయింది. ఆపరేషను తర్వాత ఆయన నవ్వడం ఇదే మొదలు. తర్వాత ఆవిడకు వేరే సంగతి గుర్తొచ్చింది.

"అయ్యో, నా ఎండుచేపలు!"

"రేపు నేనే తెచ్చిస్తానమ్మా" అన్నారు మూర్తి గారు.

"మీరాండీ? చేపల అంగట్లోకి?"

"రొంప తగ్గకముందే వెళ్తాను."

తర్వాత అందరూ, కొంగులూ రుమాళ్లూ అడ్డం పెట్టుకుని, బాల్కనీ చుట్టూ నిలబడ్డారు. మూర్తి గారు గుడ్డలో వడగట్టి, పలచన చేసి, మొదలుకు తగలకుండా తొట్టి అంచుల వెంట చెంబుతో నెమ్మదిగా పోశారు. పిల్లలకు పాలు పడుతున్నట్టుంది. కొసన ఉన్న ఎర్రటి చిగుళ్లు వీధి దీపం వెలుగులో మెరిశాయి. "మా గుడి గులాబీలకు కూడా ఓ సీసా ఇప్పిస్తారా?" అని పాస్టరు గారు మొహమాటంగా అడిగారు. "మూత బిగించి" అని చేర్చారు.

భోజనాల్లో సంపూర్ణమ్మ ఆయనకు వేరుగా కాచిన మిరియాల చారు వడ్డించింది. రెండో గుక్కకు చెవుల్లో ఏదో టప్‌మంది. నాలుగు రోజుల తర్వాత ముక్కు తెరుచుకుంది. మొదట చారు వాసన వచ్చింది. తర్వాత బాల్కనీ వైపు నుంచి రెండోది వచ్చింది.

మూర్తి గారు చేతిలో గ్లాసు అలాగే ఆపేశారు. పొద్దున్నుంచీ వీళ్ళు భరించింది దీన్నా! తన మనసు నొచ్చుకుంటుందని ఒక్కరూ పల్లెత్తు మాట అనకుండా, స్నానాలు చేసి, బొట్టు పెట్టి సాగనంపింది దీన్నా! ఆయన తల వంచుకుని చారు తాగేశారు. కళ్ళు చెమర్చితే మిరియాల ఘాటన్నారు.

"మాస్టారూ, మిగిలింది నేను మేడ మీద దూరంగా పెట్టి వస్తానండి. మీరు పడుకోండి" అంది సంపూర్ణమ్మ, అందరూ వెళ్ళాక.

ఆయన కింద నిలబడి విన్నారు. తన మనసు నొచ్చుకుంటుందేమోనని ఆవిడ మేడ తలుపు చప్పుడు కాకుండా, నెమ్మదిగా మూసింది. గొళ్ళెం మాత్రం రెండుసార్లు లాగి చూసుకుంది.