ఆదివారం మా ఇంట్లో విందు

ఆ ఆదివారం తెరేసమ్మ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. గుణదల మేరీమాత గుళ్లో మొదటి పూజ చూసుకుని ఇంటికి రావాలి. పప్పుచారు పొయ్యి మీద పెట్టాలి. అది మరిగేలోపు కిటికీ పక్కన కూర్చుని ఒక వాక్యం రాయాలి. సుస్మిత టీచరు ఇచ్చిన వాక్యం కాదు, తన సొంత వాక్యం.

కోడలు జసింత ప్రణాళిక తలంటుకుని పడుకోవడం. కొడుకు బాలశౌరికి ఆటోనగర్‌లో లారీ విడిభాగాల దుకాణం ఉంది. వారమంతా ఇనప చప్పుళ్ల మధ్య బతుకుతాడు గనుక ఆదివారం ఇంట్లో గరిట మోగినా సహించడు. మనవరాలు సింధూరి డిగ్రీ చదువుతోంది. ఆదివారానికి పొద్దుటిపూట అనేది ఒకటుంటుందని ఆ పిల్లకు తెలియదు.

తెరేసమ్మ అరవై దాటాక పలక పట్టింది. ఎందుకని అడిగినవాళ్లకల్లా "బస్సు బోర్డులు చదువుకుందామని" అని చెప్పేది. అసలు సంగతి వేరు. కొండపల్లిలో ఉన్న చెల్లెలు అమలమ్మతో ఆమెకు ఏళ్లుగా మాటల్లేవు. సింధూరి గుళ్లో మొదటి సత్ప్రసాదం తీసుకున్న నాటి విందులో అమలమ్మ విస్తట్లో అడుగంటిన బిర్యానీ పడింది. "అందరికీ పైదీ, నాకు అడుగుదా?" అంది అమలమ్మ. "ఉన్నదే పెడతారు" అంది తెరేసమ్మ. అన్న మరుక్షణమే ఆ మాట వెనక్కి తీసుకోవాలనిపించింది గానీ, అప్పటికే చెల్లెలు చెయ్యి కూడా కడగకుండా వీధి మలుపు తిరిగింది. తర్వాత ఫోను చేద్దామంటే మొహం చెల్లలేదు. రాద్దామంటే అక్షరం రాదు. కోడలి చేత రాయిద్దామంటే, కొన్ని మాటలు కోడలి చేత రాయించేవి కావు.

సుస్మిత బీఎడ్ చదువుతూ, మధ్యాహ్నాలు తమ వరండాలో ఆ వీధి ఆడవాళ్లకు చదువు చెప్పేది. వరండాలో కొంత, వాట్సాప్ గ్రూపులో కొంత. టీచరు గ్రూపులో ఒక వాక్యం పెడుతుంది. అందరూ దాన్ని చేత్తో రాసి, ఫొటో తీసి పెట్టాలి. ఒకరి తప్పు ఒకరు దిద్దాలి. ఎవరి వాక్యం గ్రూపులో పడ్డా సరే, మిగతావాళ్లు దాన్ని రాసి చూపించాలి. ఇది మొదటి నియమం. రెండో నియమం, రాసినదాన్ని సొంతవాళ్లెవరికైనా పంపి జవాబు తెచ్చుకోవాలి. ఇది పాఠమని మాత్రం వాళ్లకు చెప్పకూడదు. చెబితే జవాబు మొక్కుబడిగా వస్తుందని సుస్మిత అభిప్రాయం.

బుధవారం టీచరు ఇచ్చిన వాక్యం ఇది: "ఆదివారం మా ఇంట్లో విందు. మీరు కుటుంబంతో సహా తప్పక రావాలి."

మిగతావాళ్లు దాన్ని ఇంట్లో ఉన్న మొగుడికో, పక్క గదిలో ఉన్న కూతురికో పంపారు. చేపలమ్మే పెద్దింట్లమ్మ తన మొగుడికి పంపితే, "ఏం కూర?" అని జవాబొచ్చింది. తెరేసమ్మ మాత్రం ఫొటోను "మన కుటుంబం" గ్రూపులో పెట్టింది. ఫిబ్రవరిలో మేరీమాత పండగకు చుట్టాలందరూ వీళ్లింట్లోనే దిగుతారు. ఎవరెప్పుడు వస్తున్నారో తెలియడానికి పెట్టుకున్న గ్రూపు అది. అందులో అమలమ్మ కూడా ఉంది. ఎప్పుడూ ఏమీ అనదు, కానీ ఉంది. తన చేతిరాత చెల్లెలి కంట పడితే చాలనుకుంది తెరేసమ్మ.

జవాబులు రానే వచ్చాయి. "అలాగే వదినా." "తప్పకుండా వస్తాం." "అందరం వస్తున్నాం." అమలమ్మ నుంచి మాత్రం ఏమీ రాలేదు. మర్నాడు తెరేసమ్మ ఆ జవాబులన్నీ వరండాలో నిలబడి, ఎక్కడా తడబడకుండా పైకి చదివింది. అందరూ చప్పట్లు కొట్టారు. సుస్మిత కళ్లు చెమర్చాయి. అక్షరాలు కొత్తగా వచ్చినవాళ్ల సంతోషం అటువంటిది. చదవగలిగామన్నదే తెలుస్తుంది, చదివిందేమిటో తర్వాత తెలుస్తుంది. చప్పట్లు కొట్టినవాళ్లు కూడా కొత్తవాళ్లే. టీచరుకేమో కళ్లు చెమర్చి కనిపించలేదు.

ఆ కుటుంబం గ్రూపును కొడుకూ కోడలూ చూడనైనా చూడలేదు. రోజూ తెల్లవారగానే అందులో పడే గులాబీ పూల బొమ్మలు భరించలేక, దాని నోరు ఏనాడో నొక్కేశారు.

పప్పుచారు ఇంకా మరగలేదు, వాకిట్లో ఆటో ఆగింది. అవనిగడ్డ నుంచి మరిది సంజీవరావు దిగాడు. ఒక చేతిలో అరటి గెల, ఇంకో చేతిలో కొబ్బరికాయల సంచి.

"ఏం వదినా, అబ్బాయి ఏం చేస్తుంటాడు?"

"దుకాణమే గదా. లోపల పడుకున్నాడు."

"అప్పుడే వచ్చి పడుకున్నాడా? ఏం పిల్లాడమ్మా!"

తెరేసమ్మకు ఏమీ అర్థం కాలేదు. కొడుకును లేపేలోపు ఇంకో రెండు ఆటోలు వచ్చాయి. తెనాలివాళ్లు చీర తెచ్చారు. గుడివాడవాళ్లు లడ్డూల డబ్బా తెచ్చారు. జీవితంలో ఒక్క అక్షరం రాయని మనిషి తన చేత్తో రాసి మరీ పిలిచిందంటే అది చిన్న విషయం కాదని అందరూ అనుకున్నారు. విందు దేనికని ఒకరినొకరు అడిగి తెలుసుకున్నారు. శుక్రవారానికి అది సింధూరి పెళ్లిమాటలు అయింది. శనివారానికి నిశ్చితార్థం అయింది. తెరేసమ్మనే అడుగుదామని మాత్రం ఎవరికీ తోచలేదు. అంత ముచ్చటపడి రాసిన మనిషిని ఎందుకని అడిగితే బాగుండదని ఊరుకున్నారు.

"ఫాదర్ గారికి కూడా చెప్పానమ్మా," అన్నాడు సంజీవరావు, ఒక బాధ్యత తీర్చినవాడిలా.

ఫాదర్ గారు వచ్చారు. "వరుడెక్కడ?" అని చిరునవ్వుతో అడిగారు. అందరూ సింధూరి వైపు చూశారు. ఆ పిల్ల అప్పుడే నోట్లో బ్రష్షుతో గదిలోంచి బయటికొచ్చింది.

"ఎవరో నాక్కూడా చెప్పండి ఫాదర్," అంది నురగ మింగుతూ.

తలకు తువ్వాలు చుట్టుకుని వచ్చిన జసింత గోడకు ఆనుకుపోయింది. బాలశౌరి లుంగీ సవరించుకుంటూ జనాన్ని చూశాడు, సంజీవరావు ఫోనులో ఫొటో చూశాడు, తల్లిని చూశాడు.

"అమ్మా, ఏంటిది?"

"హోంవర్కు."

సంజీవరావు తన కొబ్బరికాయల్ని కొత్తగా చూసుకున్నాడు.

"అంటే విందు లేదా?"

"పప్పుచారు ఉంది," అంది తెరేసమ్మ.

"అవనిగడ్డ నుంచి పప్పుచారుకు రప్పించావా వదినా?"

"పిలిచి మరీ అవమానం చేయడమంటే ఇదే," అని తెనాలి ఆడపడుచు చీర కవరు మళ్లీ చంకలో పెట్టుకుంది.

బాలశౌరి పళ్లు నూరాడు. "రేపట్నుంచి క్లాసూ లేదు, ఫోనూ లేదు. ఈ వయసులో నీకెందుకే ఇవన్నీ?"

తెరేసమ్మ వంటింట్లోకి వెళ్లింది. ఫోను ఉండేది ఇవాళ ఒక్కరోజే అయితే, చెల్లెలికి రాయాల్సిన ఆ ఒక్క వాక్యం ఇవాళే రాయాలి. కానీ వాకిట్లో చెప్పుల కోసం వెతుకుతున్న చప్పుడు వినబడుతోంది. చెయ్యి కడగకుండా ఈ ఇంటి నుంచి ఒక మనిషి వెళితేనే ఇన్నేళ్లు పట్టింది. ఇంతమంది వెళితే సరిచేయడానికి ఆయుష్షు చాలదు. ఆమె కాగితం మీద రాసి, ఫొటో తీసి క్లాసు గ్రూపులో పెట్టింది: "ఇంటికి చుట్టాలు వచ్చారు. అన్నం లేదు."

ఎవరూ చెప్పకుండా ఆమె రాసిన మొదటి వాక్యం అదే.

ఫోను మోగింది. మళ్లీ మళ్లీ మోగింది. ఆశగా తెరిచి చూసింది. నియమం ప్రకారం క్లాసులో వాళ్లందరూ ఆ వాక్యాన్ని రాసి, ఫొటోలు తీసి పెట్టారు. "ఇంటికి చుట్టాలు వచ్చారు. అన్నం లేదు." ఒకరు ఎర్రసిరాతో అందంగా గీత కూడా గీశారు. కింద సుస్మిత రాసింది: "చాలా బాగుంది తెరేసమ్మ గారూ! సొంత వాక్యం!"

తెరేసమ్మ బియ్యం డబ్బా మీద కూలబడింది.

కాసేపటికి పెరటి తలుపు దబదబా మోగింది. పెద్దింట్లమ్మ నెత్తిన చేపల గంపతోనే వచ్చేసింది.

"ఓసి అక్కా, నిజంగానే వచ్చారా చుట్టాలు? ముందు రాసేశా. రాశాక చదివా. చదివాక గుండె ఆగింది! వీధి చివర బేరం ఎట్టున్నది అట్టనే వదిలేసి వచ్చా. పెద్ద డేగిసా ఎక్కడుంది?"

ఆమె వెనకే తక్కినవాళ్లు ఒక్కొక్కరే, అర్థమైన వరసలో, తమ ఇళ్ల కుక్కర్లు పట్టుకుని వచ్చారు. సుస్మిత అందరికన్నా ఆలస్యంగా, కళ్లు పెద్దవి చేసుకుని వచ్చింది.

కానీ వాకిట్లో తెనాలివాళ్లు అప్పటికే చెప్పులు వేసుకున్నారు. సంజీవరావు గెల ఎత్తుకున్నాడు. సరిగ్గా అప్పుడు గేటు తీసుకుని అమలమ్మ లోపలికొచ్చింది. నెరిసిన జుట్టు, చేతిలో కొండపల్లి బస్సు టిక్కెట్టు. అందరూ పక్కకు తప్పుకున్నారు. కూరుకుపోయిన పాత గొడవ కూడా ఇప్పుడే పైకి లేస్తుందని జసింత కళ్లు మూసుకుంది.

"ఎక్కడికి బావగారూ, గెల ఎత్తారు?" అంది అమలమ్మ.

"విందు లేదమ్మా. అదేదో హోంవర్కంట."

"తెలుసు."

"తెలుసా?"

"బుధవారం మేమూ ఇదే వాక్యం రాశాం. మా టీచరుకీ ఈ సుస్మితమ్మకీ ఏదో గ్రూపుంది. ఒకరు పెట్టిన పాఠం మిగతావాళ్లు తీసుకుంటారు. నేను మా కోడలికి పంపా. 'ఆదివారం కుదరదత్తయ్యా' అని రాసింది. ఒకే ఇంట్లో ఉంటాం మేం!"

ఎవరో కిసుక్కున నవ్వారు. వంటింటి గుమ్మంలో తెరేసమ్మ గరిటతో నిలబడిపోయింది. చెల్లెలు కూడా పలక పట్టిందని ఆమెకు ఇప్పుడే తెలిసింది.

"మరి పాఠమని తెలిసీ ఎందుకొచ్చావే?" ఎలాగో అంది.

అమలమ్మ అక్క ముఖం చూడకుండా చెప్పులు విడిచింది. "జవాబు ఇవ్వాలంట గదా. మాకు జవాబులు రాయడం ఇంకా చెప్పలేదు. అందుకని మనిషినే వచ్చా."

తెనాలి ఆడపడుచు ఒక క్షణం ఆలోచించి చెప్పులు విప్పేసింది. లేదని తెలిసి వచ్చినామె కూర్చుంటుంటే, ఉందనుకుని వచ్చినవాళ్లు వెళ్లిపోవడం బాగోదు. సంజీవరావు గెల దించాడు. ఫాదర్ గారు పప్పుచారును ఆశీర్వదించారు. చీర ఊరికే పోకూడదని సింధూరికే పెట్టారు, నిశ్చితార్థం లేకుండానే.

చేపల పులుసు ఉడికాక తెరేసమ్మ మొదటి విస్తరి చెల్లెలికి వేసింది. డేగిసా పైనుంచి తీసిన అన్నం, పెద్ద ముక్క. ఏదో అనబోయింది. ఇన్నేళ్లు దాచుకున్న వాక్యం నాలిక చివరిదాకా వచ్చింది.

"తింటున్నా గదా," అంది అమలమ్మ. "ఉప్పు తక్కువైంది."

తెరేసమ్మ ఉప్పు తెచ్చింది. ఆ వాక్యం రాయవలసిన పని ఇక పడలేదు.

ఆ సాయంత్రం అమలమ్మ కుడిచెయ్యి శుభ్రంగా కడుక్కుని, అక్క ఫోను తీసుకుని, బుధవారం నాటి ఫొటోలో రెండు ఒత్తులు తప్పని చూపించింది. ఇద్దరూ దానిమీద వాదించుకుంటుంటే, క్లాసు మానిపించే సంగతి ఎత్తడానికి బాలశౌరికి సందు దొరకలేదు.

సోమవారం జిల్లాలోని వరండాలన్నిటికీ సుస్మిత గ్రూపు నుంచి కొత్త వాక్యం వెళ్లింది: "వచ్చే ముందు ఒకసారి ఫోను చేయండి." తెరేసమ్మ దాన్ని ఒక్క తప్పు లేకుండా రాసింది. కుటుంబం గ్రూపులో పెట్టింది మాత్రం బాలశౌరి.