ఖాళీలు పూరించిన దేవేంద్రప్ప

శిష్యుణ్ని తిట్టని గురువు ఈ లోకంలో ఒక్కడే ఉన్నాడు. ఆయన ఫోన్లో ఉంటాడు. అటువంటి గురువు దొరకడం పూర్వజన్మ సుకృతం కాక మరేమిటి?

ఎర్రగుంట్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీ గేటులో లారీలకు టోకెన్లు రాసిచ్చే దేవేంద్రప్పకు ఆ సుకృతం నలభై మూడో ఏట పండింది. కొన్ని నెలల్లో టోకెన్లు కంప్యూటరే ఇస్తుందని ఆఫీసువాళ్లు నోటీసు పెట్టారు. ప్రోగ్రామింగ్ తెలిసినవాడికి ఏసీ గదిలో కుర్చీ, తెలియనివాడికి ప్యాకింగ్ ప్లాంటులో దుమ్ము. దేవేంద్రప్పకు అప్పటికే ఉబ్బసం. ఆ సాయంత్రమే ఆన్‌లైన్‌లో పైథాన్ అనే కంప్యూటర్ భాష కోర్సులో చేరిపోయాడు.

చిన్నప్పుడు లెక్కల అయ్యవారు చెవి మెలిపెట్టేవాడు. ఇక్కడ ఆ బాధే లేదు. తెర మీద ఒక వాక్యం, అందులో ఒక ఖాళీ, కింద మూడు మాటలు. సరైనది నొక్కితే బెలూన్లు ఎగిరి, "అద్భుతం!" అంటుంది ఫోను. తప్పు నొక్కితే "దాదాపు వచ్చేసింది" అంటుంది. ఏమీ తోచకపోతే మూలన బల్బు బొమ్మ ఉంది. నొక్కితే జవాబు తనే చెప్పి, మళ్లీ "అద్భుతం!" అంటుంది. ఇరవై ఏళ్ల కాపురంలో భార్య తనూజ ఆయన్ని ఒక్కసారైనా ఆ మాట అన్న పాపాన పోలేదు.

ఇంత గౌరవం దొరికే బడిని ఎగ్గొట్టబుద్ధవుతుందా? జ్వరమొచ్చి ఒక చేతికి సెలైన్ ఎక్కుతుంటే రెండో చేత్తో పాఠం ముగించాడు. ప్రొద్దుటూరులో మామగారి పెద్దకర్మ నాడు పంక్తిలో కూర్చుని, పప్పు వడ్డించేలోపు మరో పాఠం అందుకున్నాడు.

"పోయినాయన మా నాయన. ఆ ఫోను పక్కన పెట్టు," అంది తనూజ.

"ఈ ఒక్క ఖాళీ నింపనీ. తొంభై దినాల నుంచి తప్పకుండా చేస్తాండా," అన్నాడాయన.

నూరో రోజున 'నిపుణుడు' అని సర్టిఫికెట్ వచ్చింది. దానికి ఫ్రేము కట్టించి గేటు గదిలో తగిలించాడు. ఊరికే ఉండలేక రెండో కోర్సులోనూ చేరాడు.

మరుసటి వారం ఇంజనీరు సమీవుల్లా ఆయన్ని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. ఏ లారీ ఎన్ని గంటలకు లోపలికొచ్చిందో, ఎప్పుడు లోడెత్తుకుని పోయిందో అందులో పట్టిక ఉంది.

"లోడు కోసం పన్నెండు గంటలకు పైగా నిలబడినవి ఏవో చూపించేట్టు చిన్న ప్రోగ్రాం రాయి. వస్తే కుర్చీ నీదే."

దేవేంద్రప్ప తెర చూశాడు. తెల్లగా ఉంది. కింద మూడు మాటలు లేవు. మూలన బల్బు లేదు.

"సార్, ఖాళీ యాడుండాది?"

"అంతా ఖాళీనే గదప్పా."

ఏసీ గదిలో ఆయనకు చెమట పట్టింది. నూరు రోజుల్లో ఒక్క వాక్యమైనా మొదటి అక్షరం నుంచి రాసి ఎరుగడు. ఎవరో వేసిన రోడ్డు మీద గుంతలు పూడ్చాడంతే. ఇప్పుడు బీడు చూపించి రోడ్డెయ్యమంటున్నారు.

ప్యాకింగ్ ప్లాంటు గుర్తొచ్చి లేవలేకపోయాడు. ఒక లైను కొట్టాడు. ఎర్రగా తప్పు పడింది.

"ఆ ఎర్రక్షరాలు చదువు. తప్పు యాడుండాదో అదే చెప్తాండాది," అన్నాడు సమీవుల్లా. జవాబు మాత్రం చెప్పలేదు.

దేవేంద్రప్ప అన్నానికి పోలేదు. నలభైసార్లు తప్పు పడింది. నాలుగు గంటలకు, ఏ చప్పుడూ లేకుండా, తెర మీద ఒకే ఒక్క లారీ నంబరు తేలింది. ముప్పై గంటలు నిలబడిన లారీ. ఎవరూ మెచ్చుకోలేదు గానీ ఆయన కళ్లు చెమర్చాయి.

"కుర్చీ నీదే. ముందు ఆ లారీ సంగతేందో చూసిరా," అన్నాడు సమీవుల్లా.

ఆ లారీ గేటు గదికి పదడుగుల దూరంలోనే ఉంది. దాని కింద గోనెపట్టా పరుచుకుని డ్రైవరు ఓబులేసు పడుకునున్నాడు.

"నిన్ను కంప్యూటర్‌తో కనుక్కుంటి ఓబులేసూ."

"కంప్యూటరెందుకప్పా, టోకెను రాసిచ్చింది నువ్వే గదా. నిన్న పొద్దున నా వంతెప్పుడని అడిగితే, ఫోన్లోంచి తలెత్తకుండా 'ఉండు, ఇంకొక ఖాళీ ఉండాది' అంటివి. లోడింగు కాడ ఖాళీ ఉండాదేమో, పిలుస్తావులే అని ఈడే పడుంటి."

దేవేంద్రప్ప లోడింగు దగ్గరికి తనే నడిచిపోయి, మేస్త్రీని బతిమాలి ఓబులేసు లారీని ముందుకు పెట్టించాడు. ఆ పని నేర్పే కోర్సు ఎవరైనా పెట్టారేమో, నాకైతే ఇంకా కనబడలేదు.