పాదచారి నాగవేణి

ఏ సమాజం ఎంత ముందుకు పోయిందో తెలుసుకోవడానికి రోడ్లు, బడులు, ఆస్పత్రులు లెక్కపెట్టడం పాత పద్ధతి. అక్కడ బురదకు ధ్రువీకరణ పత్రం ఇచ్చే వ్యవస్థ ఉందా లేదా అని చూడడం కొత్త పద్ధతి. ఈ కొలత ప్రకారం మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతం నాగరికతలో ఎవరికీ తీసిపోదు. ఆ మూడూళ్లను కలిపి నడుస్తున్న బురద సైకిల్ పోటీల సమాఖ్యలో బురద పరిశీలకుడు అనే పదవి ఉంది. ఆ పదవిలో వెంకటముని ఉన్నాడు. ఆయన దగ్గర రబ్బరు స్టాంపు కూడా ఉంది.

ఈ పోటీని బయటి ప్రపంచం సైక్లోక్రాస్ అంటుంది. గడ్డి, ఇసుక, బురద, మెట్లు, అడ్డంకులు ఉన్న దారిలో రౌండ్ల మీద రౌండ్లు తిరగాలి. కొంత దూరం మనిషి సైకిలెక్కుతాడు, కొంత దూరం సైకిల్ మనిషి భుజమెక్కుతుంది. బురద లేకపోతే పోటీ లేదు. మన సీమలో వాన లేకపోతే బురద లేదు. అందుకే మునెయ్య ట్యాంకరుతో నీళ్లు పోస్తాడు, వెంకటముని చెప్పులేసుకొని అందులో నడుస్తాడు. చెప్పు ఊడివస్తే అది ఒకటో రకం బురద. ఊడకపోతే దాన్ని తడి నేల అని రాసి, ఇంకో ట్యాంకరు పోయిస్తారు.

సమాఖ్య కార్యదర్శి రామచంద్రప్ప. ముప్పయ్యారేళ్లు ఆఫీసులో ఫైళ్లు నడిపి రిటైరైన మనిషి. సైకిల్ మాత్రం నడపలేదు. (ఈ మూడూళ్లూ ప్రస్తుతం ఏయే జిల్లాల్లో ఉన్నాయో ఆయన రోజూ పొద్దున్నే పేపరు చూసి నిర్ధారించుకుంటాడు.)

ఇక నాగవేణి. నిమ్మనపల్లె దగ్గరి ఒక పల్లె నుంచి రోజూ రెండు పూటలా సైకిల్ మీద పాల క్యాన్లు కేంద్రానికి చేరవేస్తుంది. దారిలో ఒక వంక ఉంది. దాని మీద వంతెన మంజూరై పదకొండేళ్లయింది. మంజూరు కావడం వేరు, కట్టడం వేరు అని ఎరిగిన ఊరు కాబట్టి ఎవరూ తొందరపడలేదు. వంక పారినప్పుడల్లా నాగవేణి ముందు క్యాన్లు దాటించి, వెనక్కి వచ్చి, సైకిల్ భుజాన వేసుకొని మళ్లీ దాటేది. (ఇన్నేళ్లు ఉచిత శిక్షణ ఇచ్చినందుకు సమాఖ్య ఆ వంతెన కట్టాల్సిన శాఖకు కృతజ్ఞతలు తెలుపుతూ లేఖ రాసింది. పనులు పురోగతిలో ఉన్నాయని జవాబు వచ్చింది.)

ఈ ఏడాది సమాఖ్య ఒక ప్రకటన చేసింది. మూడు ఊళ్ల పోటీల్లో కలిపి మొదట నిలిచిన ఒక్కరికి రాష్ట్ర శిక్షణ శిబిరంలో సీటు. ఆడవాళ్లకు వేరుగా, మగవాళ్లకు వేరుగా పెట్టే ఏర్పాటు లేదు. బురదకు ఆ తేడా తెలియదని రామచంద్రప్ప తీర్మానం రాశాడు. ఒకే సీటు. శిబిరానికి పోయినవాళ్లకు నీలం రంగు చొక్కా ఇస్తారు, వీపు మీద పేరు రాసి ఉంటుంది. నాగవేణి పేరు ఇంతవరకూ రేషన్ కార్డు మీద, పాల కేంద్రం పుస్తకంలో తప్ప ఎక్కడా రాసి లేదు. ఆ చొక్కా ఆమెకు కావాలి. ఎంతగా కావాలంటే, ఆ మాట వాళ్లమ్మ కెంపమ్మకు కూడా చెప్పుకోలేదు, చెబితే ఎక్కడ జారిపోతుందోనని.

మొదటి పోటీ మదనపల్లెలో. అడ్డంకులుగా చెక్కపలకలు పెట్టాలని నిబంధన. పలకలు దొరక్క టమోటా క్రేట్లు రెండేసి పేర్చారు. పోటీ మొదలైన అరగంటకు మార్కెట్టులో టమోటా ధర లేచింది. మండీ వాళ్లు పరుగున వచ్చి, పోటీ నడుస్తుండగానే, ఎవరి క్రేట్లు వాళ్లు ఎత్తుకుపోయారు. మూడో రౌండుకు అడ్డంకి ఒక్కటీ మిగలలేదు. రామచంద్రప్ప కంగారు పడలేదు. అడ్డంకి ఉన్నట్టుగానే భావించి, యథాప్రకారం దిగి, సైకిల్ ఎత్తి దాటాలని మైకులో ఉత్తర్వు చదివాడు. అందరూ నవ్వుకుంటూ తొక్కుకుపోయారు. నాగవేణి ఒక్కతే ప్రతి రౌండులోనూ దిగి, సైకిల్ ఎత్తి, ఏమీ లేని చోట కాళ్లెత్తి దాటింది. మిగతావాళ్లందరికీ లేని అడ్డంకిని తాకిన నేరం కింద రెండేసి నిమిషాల జరిమానా పడింది. నాగవేణి గెలిచింది.

రెండోది పుంగనూరులో. నాలుగో రౌండులో ఒక పొట్టి ఆవు వచ్చి దారికి అడ్డంగా పడుకుంది. కమిటీ టేపు తెచ్చి కొలిచింది. నిబంధనల్లో ఉన్న అడ్డంకి ఎత్తుకంటే ఆవు నాలుగు వేళ్లు ఎక్కువ వచ్చింది. కాబట్టి అది అడ్డంకి కాదు. అడ్డంకి కానిదాన్ని దాటించే అధికారం కమిటీకి లేదు. పోటీ ఆగింది. ముప్పావుగంట తర్వాత, పశువుల మధ్య పెరిగిన నాగవేణి ఉండబట్టలేక పోయి, ఆవు గంగడోలు నిమిరి, నాలుకతో ఒక చప్పుడు చేసింది. ఆవు లేచి పక్కకు పోయింది. అనుమతి లేకుండా ఆవును లేపినందుకు ఆమెకు నిమిషం జరిమానా. ఆ నిమిషంతో కుప్పం పురుషోత్తం మొదటికి పోయాడు, ఆమెకు రెండో స్థానం. అయినా మొత్తం లెక్కలో ఆమే ముందుంది. కుప్పంలో గెలిస్తే సీటు ఆమెదే.

ఈ రెండు పోటీల మీదా ఫిర్యాదులు వచ్చాయి. మనుషులు కళ్లతో చూసి, చేత్తో రాయడం వల్లే ఈ గొడవలని రామచంద్రప్ప తేల్చాడు. కుప్పం పోటీకి బురద మిత్ర అనే యాప్ తెచ్చారు. ప్రతి పోటీదారూ ఫోను జేబులో పెట్టుకోవాలి, రౌండ్లు యాప్ లెక్కపెడుతుంది. ఎక్కడో నున్నటి రోడ్డు మీద సైకిల్ తొక్కే వాళ్ల కోసం చేసిన యాప్ అది. పేరు మాత్రం కొత్తగా పెట్టించారు.

కుప్పంలో పోటీ పాత గ్రానైట్ క్వారీ పక్కన జరిగింది. ఒక పక్క ఏటవాలు రాళ్లు. మూడో వంతు దారి సైకిల్ మోసుకొని ఎక్కాల్సిందే. దారి పక్కనే బండ్ల బాట. మునెయ్య ట్యాంకరు ఆ బాటలోనే గుండ్రంగా తిరుగుతూ నీళ్లు చల్లుతోంది. వెంకటముని చెప్పు మొదటి అడుగులోనే ఊడింది. స్టాంపు పడింది.

నాగవేణి ఆ రోజు తొక్కినట్టు ఎప్పుడూ తొక్కలేదు. బురదలో చక్రం జారినప్పుడు జారనిచ్చింది, రాళ్ల దగ్గర సైకిల్‌ను పాల క్యానంత సులువుగా భుజానికి ఎత్తింది. రెండో రౌండుకే ముందుకొచ్చి, ఎనిమిదో రౌండుకు వెనక ఎవరున్నారో కనపడనంత దూరం పోయింది. రామచంద్రప్ప స్వయంగా జెండా ఊపాడు. జనం ఈలలు వేశారు. కెంపమ్మ కొంగుతో కూతురి మొహం మీది బురద తుడవబోయి, ఇంకాస్త పులిమింది. నాగవేణికి నవ్వు ఆగలేదు. బతుకులో మొదటిసారి ఇంతమంది తనకేసి చూస్తున్నారు, చూసినా సిగ్గు వేయలేదు.

అప్పుడు యాప్ ఫలితం ప్రకటించింది. విజేత పురుషోత్తం, పదకొండు రౌండ్లు. పోటీ ఎనిమిది రౌండ్లే. నాగవేణి ఫోనులో వేరే సందేశం వచ్చింది: "మీరు పాదచారి. నడక ఆరోగ్యానికి మంచిది. అభినందనలు."

జరిగింది ఇది. గంటకు ఐదు కిలోమీటర్ల కంటే మెల్లగా పోయేవాళ్లను యాప్ పాదచారులుగా గుర్తిస్తుంది. ఒక్క రౌండులో మూడుసార్లు పాదచారి అయినవాళ్ల రౌండును తీసేస్తుంది. రాళ్ల మీద సైకిల్ మోసినవాళ్ల రౌండ్లన్నీ అలాగే పోయాయి. కుప్పంలో మోటార్లు బాగుచేసే పురుషోత్తానికి మొదటి రౌండులోనే పిక్క పట్టేసింది. ఆయన పక్కకు వచ్చి, ఎటూ కూర్చుంటున్నాను కదా అని, ఫోను మునెయ్యకిచ్చి ట్యాంకరులో ఛార్జింగ్ పెట్టమన్నాడు. ఆ తర్వాత ట్యాంకరు ఎన్ని చుట్లు తిరిగిందో యాప్ నిజాయితీగా లెక్కపెట్టింది.

"సార్, మీరే కదా జెండా ఊపింది?" అని నాగవేణి అడిగింది.

"ఊపినానమ్మా. జెండా ఊపేది ఉత్సాహానికి. ఫలితం చెప్పేది యాప్."

"మీ కండ్లతో మీరు సూసినారు కదా సార్?"

"సూసినాను. కాదనలా. నా కండ్లు యాప్‌లో రిజిస్టర్ అయి లేవు కదమ్మా."

పురుషోత్తం కుంటుకుంటూ వచ్చాడు. "సార్, నేను గెలవలా. ఆ వేపచెట్టు కింద కూసోని చిత్రాన్నం తింటాంటిని. ఈడుండే వాళ్లంతా సూసినారు. గెలిచింది ఈ యమ్మ."

"నువ్వేం తింటాంటివో సమాఖ్యకు అక్కర్లేదప్పా. నీ ఫోను కష్టపడినాది."

"అది ట్యాంకర్లో ఉన్నింది సార్!"

"ఫోను జేబులో పెట్టుకోమని రూలు. జేబు మనిషికే ఉండాలని రూల్లో యాడుండాది?"

కెంపమ్మ అంతసేపూ వింటూ నిలబడింది. "నాకు తెలీక అడగతాండాను సామీ, ఆ ఫోను కాలు యాడ పెట్టి తొక్కిందంట?" అంది. ఆ ప్రశ్న సాంకేతికమైనది కాబట్టి సాంకేతిక విభాగానికి పంపుతామని రామచంద్రప్ప రాసుకున్నాడు. (సాంకేతిక విభాగం అంటే ఆయనే.)

యాప్‌లో అభ్యంతరం తెలిపే ఏర్పాటు కూడా ఉంది. నాగవేణి ఆ బొత్తం నొక్కింది. విజేత అనుమతి కోసం విజేత ఫోనుకు ఓటీపీ పంపామని వచ్చింది. పురుషోత్తం సంబరంగా ఆరు అంకెలూ చదివి చెప్పాడు. నాగవేణి కొట్టింది. ఫలితానికి విజేత తన పూర్తి అంగీకారం తెలిపారని, అభ్యంతరం సుఖాంతమైందని తెర మీద పచ్చటి టిక్కు పడింది.

నాగవేణికి ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియని కోపం. రామచంద్రప్ప చెడ్డవాడు కాడు, పురుషోత్తం మోసగాడు కాడు, మునెయ్య నీళ్లు చల్లాడంతే. తప్పు చేసిన మనిషి ఒక్కడూ లేడు. తను మాత్రం ఓడిపోయింది. బురద ఆరి చర్మం బిగుసుకుపోతుంటే గోటితో గీరుకుంటూ, "మోసేది తప్పయితే మోసే పోటీ యాల పెట్టినారు సార్?" అని మాత్రం అడిగింది.

"మంచి ప్రశ్నమ్మా," అన్నాడు రామచంద్రప్ప. నిజంగా మెచ్చుకోలుగానే అన్నాడు.

వారం తర్వాత సమాఖ్య సమావేశం జరిగింది. శిబిరానికి పొమ్మని పురుషోత్తానికి లేఖ ఇచ్చారు. ఆయన లేఖను బల్ల మీద పెట్టాడు. ఫోను కూడా తీసి దాని పక్కనే టక్కున కొట్టాడు. "నేను పోను సార్. ఆ యమ్మ కష్టం నేను తినను. గెలిచింది ఇది కదా, దీన్నే పంపించుకోండి!" అని లేచి వెళ్లిపోయాడు.

సమావేశంలో ఎవరు ఏ మాటన్నా రాసుకోవడం రామచంద్రప్పకు ముప్పయ్యారేళ్ల అలవాటు. ఏ గొంతుతో అన్నారో రాయడానికి మినిట్స్ పుస్తకంలో గడి లేదు. "విజేత స్వయంగా చేసిన ప్రతిపాదనను సభ్యులు ఏకగ్రీవంగా ఆమోదించడమైనది" అని రాశాడు. సీటును ఇంకో పోటీదారుకు మార్చడానికి నిబంధనలు ఒప్పవు. పంపకపోతే వచ్చే ఏడు మన సమాఖ్యకు సీటే ఉండదు. కాబట్టి ఫోనును థర్మాకోల్ డబ్బాలో పెట్టి, ఛార్జరు, రెండు ఫొటోలు జతపరిచి, బస్సు పార్సిల్లో శిబిరానికి పంపారు.

నాగవేణి అడ్డు చెప్పడానికి మదనపల్లె దాకా సైకిల్ తొక్కుకుంటూ వచ్చింది. పొద్దుటి పాలు పోసి వచ్చింది, సాయంత్రం పాలకు అందుకోవాలి కాబట్టి ఆగడానికి తీరిక లేదు. రామచంద్రప్ప ఆమెను కూర్చోబెట్టి టీ తెప్పించాడు.

"నీ పేరు పక్కన పెట్టలేదమ్మా. పైకి రాసినాను," అన్నాడు.

"ఏమని రాసినారు సార్?"

"ప్రతిభ గల పాదచారి అని."

"సార్, నన్ను ఒక్క దినం ఆడ తొక్కనిస్తే సాలు. వాళ్లే సూసి సెప్తారు."

"అట్లాంటి కాలం కాదమ్మా ఇది. అయినా మనసులో పెట్టుకుంటాను."

నెల తిరగకముందే శిబిరం నుంచి నివేదిక వచ్చింది. క్రీడాకారుడి క్రమశిక్షణ ఆదర్శప్రాయమని, ఎదురు మాట్లాడడని, తిండి విషయంలో పేచీ లేదని, శిక్షకుల జీపులో ఉన్నంతసేపూ వేగం నిలకడగా ఉందని అందులో ఉంది. రాష్ట్ర జట్టులోకి ఎంపిక చేశారు. నీలం చొక్కా కుట్టించి, మడతపెట్టి, దాని మీద ఫోను ఉంచి తీసిన ఫొటో కూడా పంపారు. సమాఖ్య ఆ ఫొటోకు ఫ్రేము కట్టించింది.

నివేదిక చివర్లో నాగవేణి గురించి కూడా ఒక వాక్యం ఉందని రామచంద్రప్ప ఆమెకు ఫోను చేసి మరీ సంతోషంగా చదివి వినిపించాడు. వెయిటింగ్ లిస్టులో ఆమెదే మొదటి పేరు. ఫోను చెడిపోతే పిలుస్తారు.