అల్లుడి హస్తవాసి

పిల్లనిచ్చే ముందు కుర్రాడి గుణం ఎలా తెలుసుకుంటారు మీరు? జాతకాలు చూపిస్తారు, ఇరుగుపొరుగును వాకబు చేస్తారు, వాళ్ళ ఆఫీసు చుట్టూ తిరుగుతారు. ఎందుకండీ ఈ శ్రమ! కాసినోకి తీసుకెళ్ళండి. మధ్యాహ్నం భోజనాల వేళకల్లా అంతా తేలిపోతుంది. మకావ్‌లో ఏళ్ళ తరబడి కాపురముంటున్నవాణ్ణి, ఊరికే చెప్పడం లేదు.

మా ఊరిని తిట్టేవాళ్ళను చూస్తే నాకు జాలి. కొంపలు ముంచే ఊరట! సరిహద్దు గేటు దగ్గర బస్సులు నిలబెట్టి, టికెట్టు అడక్కుండా ఎక్కించుకుని, ఏసీలో కూర్చోబెట్టి, మంచినీళ్ళ సీసా, పాలు పోసిన టీ చేతికిచ్చే ఊరు ఇంకోటుందా? సొంత మేనత్త ఇంటికెళ్తే జరుగుతుందా ఈ మర్యాద? అతిథికి తొందర పుడుతుందేమోనని కాసినో గోడకు గడియారం కూడా పెట్టరు. అంత సున్నితమైన మనసులు!

మొన్న వచ్చిన కామ్-వా సంగతే చూడండి. సరిహద్దు అవతల పక్క జిల్లాలో, దీపాల ఫ్యాక్టరీలో షాండ్లియర్లు బిగించే కుర్రాడు. అదే ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చేసే యిన్-పింగ్ అంటే ప్రాణం. ఆ పిల్ల తండ్రి మోక్ అంతకుముందు వచ్చిన సంబంధాలన్నీ తిప్పికొట్టిన మనిషి. ఉద్యోగమేమిటి, ఇల్లుందా అని అడుగుతాడేమోనని కామ్-వా వణుక్కుంటూ వెళ్ళాడు. ఆయన అడిగింది ఒక్కటే.

"మకావ్ ఎప్పుడైనా వెళ్ళావా అబ్బాయ్?"

"లేదండీ."

"ఒక్కసారి కూడా? ఒట్టు?"

"ఒట్టండీ. పేకముక్క చేత్తో ముట్టుకోలేదు."

మోక్ కళ్ళు చెమర్చాయి. తన మంచితనానికే కరిగిపోయాడనుకున్నాడు కామ్-వా. వెర్రిబాగులవాడు!

మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతేమిటంటే, మొదటిసారి ఆడేవాడి చేతికి అదృష్టం అంటుకుని ఉంటుంది. ఇంకా ఎవరూ వాడని చెయ్యి కదా! పండిపోయిన జూదరులు ఆ చేత ముక్క తిప్పించడానికి పడి చస్తారు. మిగతా పెళ్ళికొడుకులకు చదువులున్నాయి, కార్లున్నాయి. కానీ అందరివీ వాడేసిన చేతులే. ఇక వాళ్ళకు పిల్లనెలా ఇస్తాడు?

"నీ హస్తవాసి చూసి ముహూర్తం పెట్టిస్తా, పద," అన్నాడు మోక్.

కాసినో ముందు బస్సు దిగి, కామ్-వా నేరుగా పెద్ద వాకిలి వైపు నడవబోతే, మోక్ చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు.

"అటు కాదురా! అది వాడి నోరు. మనమే నడిచెళ్ళి పళ్ళ మధ్య పడతామా? పక్క గుమ్మంలోంచి రా!"

పక్క గుమ్మంలోంచి వెళ్ళారు. అది ఎవరి నోరో ఆయన చెప్పలేదు. లోపల కామ్-వా తలెత్తి చూసి నిలబడిపోయాడు. ఇంత పెద్ద షాండ్లియర్ తమ ఫ్యాక్టరీ ఎన్నడూ చేసి ఎరగదు. దీనికి డబ్బు ఎవరిచ్చారా అని ఆలోచిస్తున్నాడు. ఆ ఇచ్చినవాళ్ళంతా చుట్టూ కూర్చుని ఆడుతున్నారని అతనికెలా తెలుస్తుంది?

బాకరా అనే పేకాట బల్ల దగ్గర మోక్ చోటు సంపాదించాడు. ఆట చిన్నపిల్లలదే, తొమ్మిదికి దగ్గరైనవాడిది గెలుపు, పది వస్తే సున్నా. అయితే మావాళ్ళు ముక్కను ఠపీమని తిప్పరు. అంచు పట్టుకుని, వెంట్రుకవాసి చొప్పున వంచుతూ, మధ్యలో ఊదుతారు. ఎందుకా? పది చుక్కల ముక్కలో ఒక చుక్క ఎగిరిపోతే తొమ్మిదవుతుంది కదా! ఇంజనీర్లు, డాక్టర్లు కూడా ఊదుతారు. సైన్సు ఇంకా అక్కడిదాకా రాలేదు, అంతే.

కామ్-వా ఊదాడు. తొమ్మిది! మళ్ళీ ఊదాడు. ఎనిమిది, అదీ గెలుపే! బల్ల చుట్టూ జనం మూగారు. చంకలో సంచీ పెట్టుకున్న ఒక ముసలావిడ అతని చేతిలో బాదం బిస్కెట్టు పెట్టింది.

"బంగారం లాంటి చెయ్యి! ఎవరి పిల్లాడండీ?"

"నా అల్లుడు!" అన్నాడు మోక్, హాలంతా వినబడేలా. అని, భుజం తట్టాడు.

ఆ మాట కోసమే కదా అతను వచ్చింది! కామ్-వాకి ఒళ్ళు పొంగిపోయింది. పెళ్ళి కుదిరిపోయింది, పింగ్ తనదైపోయింది. ఇంకొంచెం గట్టిగా ఊదాలనుకున్నాడు.

ఊదాడు, పోయింది. ఇంకోసారి ఊదాడు, ఇంకా పోయింది. మోక్ సంచిలోంచి ఎర్ర కవరు తీశాడు. ముహూర్తం పెట్టించమని కామ్-వా వాళ్ళమ్మ కన్యాశుల్కం కింద ముందుగానే రెండు చేతులతో అందించిన కవరది. మా వైపు ఇచ్చుకోవలసింది పెళ్ళికొడుకువాళ్ళే లెండి. అందులో డబ్బంతా పందెం బిళ్ళలుగా మారి బల్ల మీదికెళ్ళింది.

"ఊదు అల్లుడూ, ఊదు!" అని జనమంతా అరిచారు. బుగ్గలు నొప్పెట్టేలా ఊదాడు. ఒక్క చుక్కా కదలలేదు. పది!

మోక్ అతని వైపు తిరిగాడు. విచారణ మొదలైంది.

"నీ భుజమ్మీద ఎవరైనా చెయ్యి వేశారా? అదృష్టం అక్కణ్ణుంచే జారిపోతుంది."

"మీరే వేశారండీ, మెచ్చుకుంటూ."

"నేను వేసింది చెయ్యి కాదు, ఆశీర్వాదం! అది సరే గానీ, లోపల ఏ రంగు వేసుకున్నావు?"

"లోపలంటే?"

"చెడ్డీ రా! కలిసొచ్చే ఎరుపేనా?"

కామ్-వా తల వంచుకున్నాడు. "నీలం."

బల్ల చుట్టూ అందరూ హమ్మయ్య అని ఊపిరి పీల్చుకున్నారు. కారణం దొరికింది! "పెళ్ళి కావలసినవాడు, ఇంట్లో చెప్పేవాళ్ళే లేరా?" అంటూ ముసలావిడ బిస్కెట్ల పొట్లం సంచిలో పెట్టేసుకుంది.

కోర్టుల్లో ఏళ్ళు పట్టే న్యాయం ఇక్కడ ఎంత చప్పున జరిగిపోయిందో చూశారా! ఇంత విచారణలో ఒక్కరు కూడా బిళ్ళలు లాక్కుంటున్న డీలర్ పిల్ల వైపు చూడలేదు. ఈ భవనం కట్టినవాడు ఏ రంగు వేసుకుని కట్టాడని అడగలేదు. ఇంటి యజమానిని అలాంటివి అడగడం మర్యాదేనా?

బయట బస్సు కోసం నిలబడ్డారు. కామ్-వాకి ఏడుపొస్తోంది. పోయిన సొమ్ము గురించి కాదు.

"డబ్బు మళ్ళీ సంపాదిస్తా మావయ్యా. ముహూర్తం మాత్రం..."

మోక్‌కి కోపం లేదు. చాలా మెత్తగా మాట్లాడాడు. "నీ తప్పేం లేదు నాయనా. కానీ నీది ఇక కొత్త చెయ్యి కాదుగా." అని, "నీకో తమ్ముడున్నాడట?" అన్నాడు.

"ఉన్నాడండీ."

"ఇక్కడికెప్పుడైనా వచ్చాడా?"

కామ్-వాకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక ఒళ్ళు మండిపోయింది. అయినా నోట మర్యాద జారలేదు.

"వాడికి పద్దెనిమిదేళ్ళండీ. ఇరవై ఒకటి నిండితేగాని లోపలికి రానివ్వరు."

మోక్ వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు. ముఖం వెలిగింది.

"దానికేముంది! మా పింగ్ మూడేళ్ళు ఆగుతుందిలే."

చూశారా! జూదరికి ఓపిక ఉండదని ఎవరండీ అన్నది? ఇంత ఓర్పు, ఇంత ముందుచూపు మా ఊరు కాక ఇంకే ఊరు నేర్పుతుంది? ఏమిటీ, పింగ్‌ని అడిగారా అంటారా?

బల్ల మీద పెట్టే ముందు బిళ్ళని ఎవరైనా అడుగుతారా!